పెనుకొండలో మాదిగ బిడ్డకు ఎన్ని సీట్లు?

కర్నూలుకు 1956లో, తిరుపతికి 1960లో వైద్య కళాశాల వచ్చింది. అనంతపురం 2000 దాకా ఎదురుచూసింది. వాన ముఖం చాటేసి వేరుశనగ ఎండిన ఏడు ఊళ్లకు ఊళ్లు బెంగళూరుకు వలసపోయే జిల్లా ఇది. పెద్ద జబ్బు చేస్తే కర్నూలుకో బెంగళూరుకో పరుగెత్తవలసిందే. అలాంటిచోట వంద సీట్లతో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లకు పెరిగింది.

ఈ ఎదుగుదలను కొందరు భవనాలతో, పడకల సంఖ్యతో కొలుస్తారు. నేను ప్రవేశాల జాబితాతో కొలుస్తాను. అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లన్నింటిలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం రిజర్వేషన్ ఉంది. బోయ, కురుబ, మాదిగ, సుగాలి ఇళ్ల పిల్లలు వైద్యవిద్యలోకి వచ్చింది ప్రధానంగా ఈ దారినే. (రిజర్వేషన్లు ప్రతిభను చంపేశాయని వాపోయేవారెవరూ యాజమాన్య కోటా గురించి నోరు విప్పగా నేను వినలేదు.)

2023లో వచ్చిన 107, 108 జీవోలు ఈ దారిని సగానికి కుదించాయి. కొత్త ప్రభుత్వ కళాశాలల్లో రాష్ట్ర వాటా సీట్లలో సగమే సాధారణ ఫీజుకు ఇస్తారు. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ప్రవాస కోటా సీట్లకు 20 లక్షలు చెల్లించాలి. ఆ సగానికి రిజర్వేషన్ లేదు.

లెక్క వేసి చూద్దాం. 150 సీట్ల కళాశాలలో రాష్ట్ర వాటా సుమారు 128. 1994లో మొదలైన దండోరా పోరాటం ఫలించి, 2025 వర్గీకరణలో మాదిగ ఉపకులాల వర్గానికి 6.5 శాతం దక్కింది. 128లో అది ఎనిమిది సీట్లు. 64లో నాలుగే. మూడు దశాబ్దాలు రోడ్ల మీద పోరాడి గెలుచుకున్న వాటాలో సగం ఒక ఫీజుల జీవోతో ఆవిరైంది.

ఆ జీవోలను రద్దు చేస్తామని ఎన్నికల ముందు హామీ ఇచ్చినవారి ప్రభుత్వమే 2025 సెప్టెంబరులో పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాలని నిర్ణయించింది. ఆ జాబితాలో మన పెనుకొండ ఉంది. నిర్మాణం ఎవరు చేపట్టినా, రాష్ట్ర వాటాలోని ప్రతి సీటుకూ రిజర్వేషన్ వర్తిస్తుందని ఒప్పందంలోనే రాయాలి.