ఫోన్‌లో ఐదు బ్రౌజర్లు, లోపల ఇంజిన్ మాత్రం ఒకటే!

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది: "బ్రో, ఏ బ్రౌజర్ వాడాలి?" దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఒక విషయం క్లియర్ చేసుకోవాలి. బ్రౌజర్ వేరు, దాని ఇంజిన్ వేరు. ట్యాబులు, బుక్‌మార్కులు, థీమ్‌లు, ఇవన్నీ పైన కనిపించే బాడీ. మేం రాసిన కోడ్‌ని చదివి, పేజీని స్క్రీన్ మీద గీసేది ఇంజిన్ అన్నమాట.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకోండి. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, సాంసంగ్ ఇంటర్నెట్. పేర్లు ఐదు, ఇంజిన్ ఒకటే: గూగుల్ ముందుండి నడిపే బ్లింక్. ఐఫోన్ అయితే ఇంకో కథ. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా, లోపల నడిచేది యాపిల్ వాళ్ల వెబ్‌కిట్టే. మూడోది ఫైర్‌ఫాక్స్‌లో ఉండే గెకో. గట్టిగా చెప్పుకోవడానికి ఈ మూడే ఉన్నాయి.

ఇంతకుముందు ఇంకా ఉండేవి. ఒపెరా తన సొంత ఇంజిన్‌ని 2013లో వదిలేసింది. మైక్రోసాఫ్ట్ అంత పెద్ద కంపెనీ కూడా 2020లో ఎడ్జ్‌ని క్రోమియం మీదకి మార్చేసింది. 1995లో పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తయారుచేసిన బ్రెండన్ ఐక్ తెలుసు కదా? మొజిల్లా మొదలుపెట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నారు. ఆయన నడిపే బ్రేవ్ కూడా ఇప్పుడు క్రోమియం మీదే ఉంది. కొత్త ఇంజిన్ కట్టడం అంత కష్టం మరి.

"పేజీ ఓపెన్ అవుతోంది కదా, మాకేంటి?" అంటారా? ఒకసారి వెనక్కి వెళ్దాం. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. అప్పటికే నెట్‌స్కేప్ ఓడిపోయింది, పోటీ లేదు. తర్వాతి వెర్షన్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2006లో! ఐదేళ్లు వెబ్ దాదాపు అక్కడే ఆగిపోయింది. 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో సుందర్ పిచాయ్ టీమ్ తెచ్చిన క్రోమ్ వచ్చాకే మళ్లీ కదలిక మొదలైంది.

ఇప్పటి ఉదాహరణ చూద్దాం. ఎక్స్‌టెన్షన్ల రూల్స్‌ని గూగుల్ మార్చింది, దాన్ని మానిఫెస్ట్ వీ3 అంటారు. సెక్యూరిటీ కోసం, స్పీడ్ కోసం అని వాళ్లు చెప్పే కారణం. కానీ యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పాత రూపంలో క్రోమ్‌లో పనిచేయకుండా పోయింది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా నడుస్తుంది. వేరే ఇంజిన్ ఉండబట్టే కదా మనకి ఆ దారి మిగిలింది!

ఇక మా డెవలపర్ల సంగతి. మేం కోడ్ రాసే వీఎస్ కోడ్ నడిచేది ఎలక్ట్రాన్ మీద, అంటే దాని లోపల ఉన్నది కూడా క్రోమియమే. ఇప్పుడు అందరూ వాడుతున్న కర్సర్, ఆ వీఎస్ కోడ్ నుంచి పుట్టిందే. రాసేది అందులో, టెస్ట్ చేసేది క్రోమ్‌లో. చివరికి ఎవరో ఐఫోన్‌లో ఫారమ్ నింపుతుంటే సబ్మిట్ బటన్ కనిపించదు. అది ఫీజు కట్టే ఆఖరి రోజు అయితే? కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఈ అలవాటు చేసుకోండి: ఎండీఎన్‌లో చాలా ఫీచర్ల పేజీల పైన 'బేస్‌లైన్' గుర్తు ఉంటుంది, ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలో అది పనిచేస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. మొజిల్లాకి వచ్చే ఆదాయంలో పెద్ద భాగం, ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్ పెట్టినందుకు గూగుల్ ఇచ్చేదే. పోటీదారుడి డబ్బుతో బతికే పోటీ అన్నమాట! అందుకే ఆండ్రియాస్ క్లింగ్ టీమ్ మొదటి నుంచి కొత్తగా కడుతున్న లేడీబర్డ్ ఇంజిన్‌ని నేను ఆసక్తిగా చూస్తున్నా.

సరే, మరి నా జవాబు? క్రోమ్ తీసేయమని చెప్పను, బాగా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు మాత్రం రెండో బ్రౌజర్‌గా ఇంకో క్రోమియం కాకుండా ఫైర్‌ఫాక్స్ పెట్టుకోండి. ఏదైనా సైట్ అందులో సరిగ్గా రాకపోతే, మెనూలోంచే రిపోర్ట్ కొట్టొచ్చు. అర నిమిషం పని, ఓకేనా? ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.