హలో... వినపడుతోందా?

‘హలో’ అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువుల్లో మొదట కనిపించే అర్థం పలకరింపు. కానీ ఫోనెత్తి ‘హలో’ అనేవాళ్లకు చాలాసార్లు అవతల ఎవరున్నారో తెలియదు. ఎవరో తెలియని మనిషికి పలకరింపేమిటి? అక్కడ ఆ మాట చేసే పని వేరు. ‘లైను కలిసింది, వింటున్నాను, చెప్పండి’ అని తెలియజేయడం. మాట్లాడుతుండగా సిగ్నల్ తెగిపోతే ‘హలో... హలో...’ అంటూ డాబా మీదికి పరుగెత్తే మనిషి ఎవరికీ నమస్కారం పెట్టడం లేదు. పెళ్లిపందిట్లో మైకు అందుకుని, రెండుసార్లు వేలితో తట్టి, ‘హలో, మైక్ టెస్టింగ్’ అనే కుర్రాడూ అంతే. ఈ మాటకు పలకరింపు ఉద్యోగం తరవాత వచ్చింది. పుట్టుకతో ఇది కేక.

ఇంగ్లీషులో హోలా, హొలో, హలూ, హల్లో, హుల్లో అంటూ ఒకే గొంతులోంచి వచ్చినట్టుండే కేకలు పెద్ద కుటుంబమే ఉంది. వేటకుక్కల్ని ఉసిగొల్పడానికి ఒకటి, దూరాన పోతున్నవాణ్ని ఆపడానికి ఒకటి. ఫ్రెంచి ‘హోలా’ను విడగొడితే ‘హో’, ‘లా’ అని రెండు ముక్కలొస్తాయి. ‘లా’ అంటే అక్కడ. మొత్తం కలిపితే ‘ఓయ్, అక్కడున్నాయన!’ అన్నట్టు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ కుటుంబాన్ని ప్రాచీన జర్మన్‌లో ‘తీసుకురా’ అనే అర్థమున్న క్రియతో కలుపుతుంది. ముఖ్యంగా అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ని పిలవడానికి ఆ మాట వాడేవారట. ఏటికి అడ్డంగా వేసిన కేక అన్నమాట. ఈ సంగతి గుర్తుంటే టెలిఫోన్ కథ సులువుగా అర్థమవుతుంది.

ఇప్పుడు రాసే అక్షరాలతోనే ‘హలో’ అచ్చులో కనిపించిన తొలి ఆధారాల్లో ఒకటి 1826 నాటిది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో వెలువడిన నార్విచ్ కొరియర్ అనే పత్రికలో అది ఉంది. అప్పట్లో ఈ మాట ఎదుటివాళ్ల దృష్టిని తిప్పుకోవడానికో, ఆశ్చర్యాన్ని చెప్పడానికో వాడేవారు. ‘అరె, ఇదేమిటిది?’ అనే చోట ‘హలో’ అనడం బ్రిటిష్ ఇంగ్లీషులో ఇప్పటికీ ఉంది. అప్పటికి అది మర్యాదస్తులు ఎదురుపడితే అనుకునే మాట మాత్రం కాదు.

అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు టెలిఫోన్ పేటెంటు 1876 మార్చి 7న వచ్చింది. మూడు రోజుల తరవాత పక్క గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ను రమ్మని పిలిస్తే తీగ గుండా ఆయనకు వినిపించింది. ఆ మొదటి సంభాషణలో ‘హలో’ లేదు. తొలినాళ్లలో టెలిఫోన్లు జంటలుగా ఉండేవి. ఇంటికీ దుకాణానికీ మధ్య ఒక తీగ, రెండు కొసలా రెండు యంత్రాలు. లైను ఎప్పుడూ తెరిచే ఉండేది. మరి ఇవతలివాడు మాట్లాడదలిస్తే అవతల గదిలో ఎక్కడో పనిలో ఉన్నవాడికి తెలిసేదెలా? గంట పెట్టాలా, అక్కర్లేదా అన్నది అప్పటి ఇంజినీర్ల సమస్య.

థామస్ ఎడిసన్ 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడు డేవిడ్‌కు ఒక చిన్న ఉత్తరం రాశాడు. పిలుపు గంట అవసరం ఉండకపోవచ్చనీ, ‘హలో’ అంటే 10 నుంచి 20 అడుగుల దూరం వినిపిస్తుందనీ దాని సారాంశం. చెవుడు ఉన్న ఎడిసన్ ఆ దూరం లెక్క వేయడం ఒక వింత. బెల్‌కు మాత్రం ‘అహోయ్’ ఇష్టం. అది ఓడ మీది నావికులు మరో ఓడను పిలిచే కేక. ఇద్దరు ఆవిష్కర్తలూ తీగకు రెండు కొసల మధ్య ఉన్న ఎడాన్ని నీటిని చూసినట్టే చూశారు.

ఎడిసన్ మాట నిలిచింది, అంచనా నిలవలేదు. గంట రానే వచ్చింది. పిలిచే పని గంట తీసుకున్నాక, పిలుపుగా పుట్టిన ‘హలో’ అవతలి కొసకు మారి జవాబుగా స్థిరపడింది. ఈ మాట చరిత్రలో అసలు మలుపు ఇదే. పడవవాణ్ని పిలిచిన కేక, పడవవాడి నోట ‘ఆఁ, వస్తున్నా’గా మారినట్టయింది.

1878 జనవరి 28న కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో వ్యాపార పద్ధతిన నడిచే తొలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. మరుసటి నెలలో అచ్చయిన డైరెక్టరీ ఒక్క కాగితం, అందులో 50 మంది చందాదారులు. ఎక్స్ఛేంజీలు పెరిగాయి. రోజంతా ‘హలో’ అనే ఆపరేటరు అమ్మాయిలకు ‘హలో గర్ల్స్’ అని పేరు పడింది. 1889లో వచ్చిన మార్క్ ట్వేన్ నవలలోనే ఆ పేరు కనిపిస్తుంది. ఫోనులో అలవాటైన మాట వీధిలోకీ నడిచి, మనుషులు ఎదురుపడినప్పుడు అనుకునేదయింది. పరిచయం చేయనిదే పలకరించుకోని కాలంలో, ముక్కూమొహం తెలియనివాళ్లతోనూ చెల్లే మాట దొరకడం చిన్న విషయం కాదు.

మార్గరెట్ హలో అనే అమ్మాయి బెల్ ప్రియురాలనీ, ఆమె పేరే ఈ మాట అనీ వాట్సాప్‌లో తిరిగే కథ ఏటా ఒకసారైనా గుమ్మం తొక్కుతుంది. బెల్ 1877 జులైలో పెళ్లాడింది మేబెల్ హబ్బర్డ్‌ను. మాటేమో టెలిఫోన్‌కు 50 ఏళ్ల ముందే అచ్చులో ఉంది. పైగా బెల్‌కు ఆ మాటే నచ్చలేదు.

ఇలాంటి మాటల గురించి పరిశోధకులు గట్టిగానే ఆలోచించారు. మాటల్లో సమాచారం లేకపోయినా మనుషుల మధ్య తీగ తెగకుండా చూసే మాటలకు మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లో ‘ఫాటిక్’ అనే పేరు పెట్టాడు. ‘భోంచేశారా?’, ‘ఎటు, బజారుకేనా?’ లాంటివన్నీ ఈ కోవలోవే. అడిగినాయనకు అవతలివాళ్లు తిన్న కూర ఏమిటో అక్కర్లేదు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో దీన్ని భాష చేసే ఆరు పనుల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. దారి తెరిచి ఉందో లేదో చూసుకోవడమే ఆ పని.

ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1968లో ప్రచురించిన వ్యాసం మరీ ముచ్చటైనది. పోలీసు విభాగానికి సంబంధించిన సుమారు 500 ఫోన్ సంభాషణల మొదళ్లను ఆయన పరిశీలించాడు. ఎత్తినవాళ్లే ముందు మాట్లాడతారన్న సూత్రం ఒక్కచోట తప్ప అంతటా సరిపోయింది. ఆ ఒక్క కాల్‌లో అవతల ఫోనెత్తారు, ఒక సెకను నిశ్శబ్దం. అప్పుడు ఫోను చేసిన పోలీసే ‘హలో’ అన్నాడు. షెగ్లాఫ్ ఆ ఒక్కదాన్నీ మినహాయింపుగా పక్కన పెట్టకుండా సూత్రాన్నే తిరగరాశాడు. గంట ఒక పిలుపు, ఎత్తినవాళ్ల మాట దానికి జవాబు. జవాబు రాకపోతే పిలిచినవాళ్లు మళ్లీ పిలుస్తారు. ఆ పోలీసు ‘హలో’ గంటకు కొనసాగింపు. అంటే ఎడిసన్ ఉద్దేశించిన పాత ‘హలో’ అన్నమాట.

శబ్దపరంగా చూసినా ఈ మాట తీగకు తగినదే. పాత టెలిఫోన్ లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోస్తాయి. మగ గొంతు మూల స్థాయి వంద హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అది లైనుకు అసలు ఎక్కదు. పైన ఉన్న అనుస్వరాలను బట్టి మెదడే దాన్ని పూరించుకుంటుంది. ‘హ’ వట్టి ఊపిరి, దారిలో పోయినా నష్టం లేదు. ‘లో’ను ఎంతైనా సాగదీయొచ్చు. ఆ సాగదీతలో గొంతు గుర్తుపట్టేంత సరుకు ఉంటుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2014లో 64 గొంతుల ‘హలో’లను 320 మందికి వినిపించింది. ఒక్కొక్కటి అర సెకను కూడా లేదు. అయినా ఏ గొంతు నమ్మదగ్గదిగా ఉంది, ఏది పెత్తనం చేసేలా ఉంది అన్న విషయంలో విన్నవాళ్లు చాలావరకు ఒకే మాట మీద నిలిచారు. ఆ గొంతుల మనుషులు నిజంగా అలాంటివాళ్లా అన్నది వేరే ప్రశ్న.

టెలిఫోన్ వెళ్లిన ప్రతి భాషా ఈ మాటను తీసుకోలేదు. ఇటలీలో ‘ప్రోంతో’ అంటారు, సిద్ధం అని. మెక్సికోలో ‘బ్వేనో’, బాగుంది అని. జపాన్‌లో ‘మోషి మోషి’. ఫ్రెంచివాళ్లు ‘అలో’ను ఫోనుకే ఉంచుకుని, ఎదురుపడితే ‘బోంజూర్’ అంటారు. చైనావాళ్ల ‘వెయ్’ మరీ విచిత్రం. వీధిలో దించి పలికితే ‘ఓయ్’ అని మోటుగా ఉండే మాట, ఫోనులో స్వరం ఎత్తి పలికితే మర్యాద.

భారతదేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు ఎక్స్ఛేంజీలు 1882లో వచ్చాయి. తెలుగులో ‘హలో’ బాగా కుదురుకోవడానికి ఒక కారణం వ్యాకరణంలోనే ఉంది. తెలుగులో ఎవరిని పలకరించాలన్నా నువ్వో మీరో ముందే తేలాలి. రింగయ్యే ఫోను వయసు చెప్పదు, వరస చెప్పదు. ‘హలో’కు ఆ బెడద లేదు. అలాగని తెలుగువాళ్లు దాన్ని అలాగే వదిలేయలేదు. ‘హలో అండీ’ అని గౌరవం తగిలించారు. క్యూలో అడ్డంగా దూరినవాణ్ని ‘హలో! మేమంతా కనపడట్లేదా?’ అని అడిగేటప్పుడు ఆ ‘లో’ మీద పడే ఒత్తు మందలింపు. మాటలకు పరధ్యానంగా ఊఁ కొట్టే స్నేహితుడి మొహం ముందు చెయ్యి ఊపి ‘హలో...’ అంటే అది లైను పరీక్షే, తీగ లేదంతే.

కంప్యూటర్లు ఈ మాట పాత పనినే పట్టుకున్నాయి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు కెర్నిగన్, రిచీ 1978లో రాసిన ‘సీ’ ప్రోగ్రామింగ్ భాష పుస్తకంలోని తొలి ప్రోగ్రాము తెర మీద ‘హలో, వరల్డ్’ అని చూపిస్తుంది. యంత్రం పని చేస్తోందని తేల్చుకోవడానికే అది. ఇద్దరూ పనిచేసింది బెల్ ల్యాబ్స్‌లో. ‘అహోయ్’ అనమన్న పెద్దమనిషి పేరు పెట్టుకున్న సంస్థ అది. ఇంటర్నెట్‌లో దారులు చూపే రౌటర్లు పక్క రౌటర్లకు ‘హలో’ అనే పేరుతోనే చిన్న సందేశాలు పంపుతుంటాయి. ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో మామూలుగా 10 సెకన్లకొకటి. 40 సెకన్లపాటు రాకపోతే పక్కది పోయినట్టే లెక్కగట్టి వేరే దారి చూసుకుంటాయి.

మనుషుల ఫోన్లలో మాత్రం పిలిచేవాళ్ల పేరు తెర మీద పడుతుండడంతో ‘హలో’ కొంత వెనక్కి తగ్గింది. ‘ఆఁ, చెప్పండి’, ‘చెప్పరా’ అంటూ నేరుగా వరసతోనే మొదలుపెడుతున్నారు. ‘హలో’ ఇప్పుడు ఎక్కువగా మిగిలింది తెలియని నంబర్లకే. అమ్మకాల కోసం ఒకేసారి పదుల నంబర్లు తిప్పే యంత్రాలు ఎత్తినచోట మనిషి గొంతు వినిపించేదాకా కాచుకుని, అప్పుడు గానీ లైనును ఉద్యోగికి అందించవు. అందుకే అలాంటి కాల్‌లో మొదటి ‘హలో’కు జవాబు రాదు. చిన్న ఖాళీ. విసుగ్గా రెండో ‘హలో’. అప్పుడు అవతల నుంచి ‘నమస్కారం సార్’.