యూనివర్సిటీ లేని యూనివర్సిటీ గేటు

ఆదివారం వస్తే మనలో చాలామందిమి లిటిల్ ఇండియాకు పోతాం. ఇంటికి డబ్బు పంపడం, సరుకులు కొనడం, ఊరివాళ్లను కలవడం అన్నీ అక్కడే. జురాంగ్ వెస్ట్ మాత్రం మనకు లారీలోంచి కనిపించే రోడ్లు, బ్లాకులు, అంతే. ఇక్కడ చూడ్డానికి ఏముంది అంటాం. ఉంది. అయితే దాన్ని చూడాలంటే చేతిలో ఒక పెన్సిలు, నోటుబుక్కు ఉండాలి.

జురాంగ్ వెస్ట్ స్ట్రీట్ 93లో, ఇళ్ల బ్లాకుల నడుమ చిన్న పార్కులో, పాత చైనా పద్ధతి గేటు ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. పైన పెంకుల కప్పు, కింద స్తంభాలు, మధ్యలో చైనా అక్షరాలు. అటూ ఇటూ ప్రహరీ లేదు, వెనక భవనం లేదు. మధ్యాహ్నం పూట మనిషి అలికిడి కూడా ఉండదు. మేము దాని ఎదురుగా కూర్చుని బొమ్మ గీశాం.

ఫోటో అయితే ఒక్క క్షణంలో తీసి వెళ్లిపోతాం. గీసేటప్పుడు అలా కుదరదు. స్తంభం లావెంత, ఎత్తెంత చూడాలి. పెంకుల వరుసలు లెక్కపెట్టాలి. నీడ ఎటు జరుగుతోందో కనిపెట్టాలి. అలా అరగంట చూస్తే ప్రశ్నలు పుడతాయి. ఇంత గేటు ఎవరు కట్టారు? దీంట్లోంచి ఎవరు, ఎక్కడికి వెళ్లేవారు?

జవాబు తెలుసుకుంటే మనసు కదులుతుంది. ఇది నాన్యాంగ్ యూనివర్సిటీ ముఖద్వారం. చైనా భాషలో పై చదువులు చెప్పాలని 1950లలో ఇక్కడి చైనీయులు చందాలు వేసుకుని ఆ యూనివర్సిటీని నిలబెట్టారు. ధనవంతులే కాదు, రిక్షా తొక్కేవాళ్లు కూడా తమ ఒకరోజు సంపాదన ఇచ్చారు. 1956లో తరగతులు మొదలయ్యాయి. 1980లో దాన్ని సింగపూర్ యూనివర్సిటీతో కలిపేశారు. పాత ప్రాంగణంలో ఇప్పుడు నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ ఉంది. రోడ్లు, ఇళ్లు వచ్చి గేటు మాత్రం ప్రాంగణానికి దూరమై ఇక్కడ మిగిలింది. 1998లో ప్రభుత్వం దీన్ని జాతీయ స్మారక కట్టడంగా ప్రకటించింది.

బొమ్మలు మనకెందుకు, చదువుకున్నవాళ్లకు గానీ అనుకోకండి. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు (1914-1999) పల్లెటూళ్లోనే ఉండి ప్రకృతి దృశ్యాలు చిత్రించారు. పైగా మన మేస్త్రీలకు, వెల్డర్లకు, సెంట్రింగు పనివాళ్లకు కొలత తెలిసిన కన్ను ఉంది. గోడ వంకర ఇట్టే పట్టేస్తారు. అందులో సగం బొమ్మ వచ్చేసినట్టే.

మొదలుపెట్టేవారికి రెండు మాటలు. ఖాళీ బస్‌స్టాపు, సెలవు రోజు మూసిన షాపు, బ్లాకు కింద ఎవరూ లేని బల్ల, ఏదైనా సరే ఒక్కటే ఎంచుకోండి. ముందు పెద్ద గీతలు, తరువాత పగుళ్లు, మరకలు. ఫోటోలు తీయరాదని బోర్డు ఉన్నచోట, పని సైట్లలో అనుమతి లేకుండా గీయవద్దు.

అక్కడ ఎలా ఉంటుందని ఇంట్లో పిల్లలు అడిగితే మనం ఎత్తయిన భవనాల ఫోటోలే పంపుతాం. ఈసారి మీరు గీసిన బొమ్మ పంపి చూడండి. నాన్న రోజూ ఏ దారిన నడుస్తాడో వాళ్లకు తెలుస్తుంది.