కాచిగూడ స్టేషన్‌ని ఒకసారి తలెత్తి చూడండి

మా ఉస్మాన్‌గంజ్‌కి ఏడాది సరుకుల కోసం వచ్చే మహబూబ్‌నగర్, కర్నూలు వాళ్ళు చాలామంది కాచిగూడలోనే రైలు దిగుతారు. చింతపండు, ఎండుమిర్చి మూటలు లెక్కపెట్టుకునే హడావిడిలో ఆ స్టేషన్‌ని తలెత్తి చూసేదెవరు చెప్పండి?

గుమ్మటాలు, మినార్లతో కోటలా ఉండే ఆ భవనాన్ని 1916లో, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టారు. ఘోషా పాటించే ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా రైలెక్కడానికి అక్కడ వేరే ఏర్పాటు ఉండేదట!

సికింద్రాబాద్‌కి రైలు 1874లోనే వచ్చింది. అది బ్రాడ్‌గేజ్. కాచిగూడది మీటర్‌గేజ్, అంటే చిన్న లైను. పట్టాల వెడల్పు వేరు కాబట్టి ఆ బండి ఈ పట్టాల మీద నడవదు. పిల్లల్ని చంకనేసుకుని, సామాను మోయించుకుని సికింద్రాబాద్‌లో బండి మారాల్సిందే. 1951లో నిజాం రైల్వే భారతీయ రైల్వేలో కలిసినా ఆ అవస్థ పోలేదు. మహబూబ్‌నగర్ వైపు పట్టాలు 1990లలో మార్చాకే తీరింది.

ఈసారి వెళ్ళినప్పుడు ఓ పది నిమిషాలు ముందే చేరుకోండి. మూటలు పక్కన పెట్టి మీ అమ్మాయికి ఆ గుమ్మటాలు చూపించండి. తెర చాటున రైలెక్కిన ఆడవాళ్ళ సంగతి చెప్పండి. తన టికెట్ తనే కొనుక్కుని ఒంటరిగా ప్రయాణం చెయ్యగలగడం ఎంత గొప్పో అప్పుడు తనకే తెలుస్తుంది.