ప్రాతసామగ్రి – గృహాలంకారము



గృహాలంకారమనగానే అంగడి వస్తువులు మనసునకు తోచును. కాని మన యటకలమీదను, అర్రలలోను పడియున్న ప్రాతసామగ్రికి మించిన యలంకారము లేదని నా యభిప్రాయము.

విచిత్రవస్తుసంగ్రహమున ప్రసిద్ధుడు మూడవ సాలార్‌జంగు, మీర్ యూసఫ్ అలీ ఖాను. ఆయన 1949లో గతించెను. 1951లో ఆ సంగ్రహము హైదరాబాదున ప్రదర్శనశాలయై ప్రజలకు తెరువబడెను. మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొన్న, ముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి ప్రతిమ అందు కలదు. దేశదేశముల వింతలు కూర్చుట ప్రభువుల పని. తన వంశపు వస్తువులను మన్నించుట గృహస్థుని పని.

మా ఎనుమాముల మార్కెట్టున నేడు సమస్తమును కిలోగ్రాములతోనే తూగును. పూర్వము గింజలకు కొలపాత్రలుండెడివి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. 1956 నాటి తూనికల చట్టము పిమ్మట మెట్రిక్ పద్ధతి వ్యాపింపగా అవి మూలబడినవి. వానిని చిన్నదానినుండి పెద్దదానివరకు గూటిలో వరుసగా నిలుపుడు. చూపునకు ఇంపు, కుంచమునకు 64 గిద్దలని మనుమడు తానే గుణించుకొనును.

వస్తువు తన చోటనున్ననే శోభించును. గంగాళమును వాకిట నీటితో నింపి పూలు తేల్పవచ్చును. లాంతరు అరుగుపై వ్రేలాడవలెను. ఓరుగల్లు తివాసులు 1851లో లండను మహాప్రదర్శనమునకు వెళ్ళినవి; మీ యింట ప్రాత జంపఖాన యున్నచో మడచి మూలబెట్టక బల్లపై పరువుడు. చెక్కడపు ద్వారబంధమునకు రంగు పూయకుడు, పనితనము కప్పబడును. అన్నియు ఒక్కచోట కుప్పవేసినచో అది కొట్టుగది యగును.

రక్షణయు ముఖ్యము. కొయ్యసామాను తడిగోడ కానినచో చెద పట్టును. నడుమ జానెడు ఎడముంచుడు. పేరు చెక్కిన ఇత్తడిపాత్రను చింతపండుతో మాటిమాటికి తోమినచో అక్షరము లరుగును. మెత్తని పొడిగుడ్డ చాలును. తాళపత్రములను ఎండయు చెమ్మయు తగులకుండ గుడ్డలో చుట్టియుంచుడు.

ఒక హెచ్చరిక. పొలము దున్నునపుడు దొరకిన విగ్రహములును, గుడిశిలలును ఇంటి యలంకారములు కావు, అధికారులకు తెలుపవలెను. 1972 నాటి చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన కళావస్తువులు ప్రాచీనవస్తువులు. వానిని ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. వానితో వ్యాపారము చేయువారికి అనుమతిపత్ర ముండవలెను.

నేడు ఊరూర తిరుగు వర్తకులు గంగాళములను ఇత్తడి తూకమునకు కొని, పట్టణమున పదింతలకు అమ్ముకొనుచున్నారు. మనము అమ్మునది లోహమే కాదు. ఆ పాత్రలో ఎవరి పెండ్లికి వండిరో, ఆ పెట్టెను ఏ వడ్రంగి చేసెనో, ఆ కథయు దానితో పోవును. కావున ప్రతివస్తువునకును ఒక చీటి వ్రాసి కట్టుడు: ఎవరిది, ఎక్కడిది, దేనికి వాడిరి. ఈ మూడు మాటలు లేనిచో మనుమనికి అది వట్టి తుక్కు. చీటి వ్రాయుటకు కావలసినది ధనము కాదు, జ్ఞాపకము. అది యున్నది మీయొద్దనే.