బాకీ తగాదాలో దొంగతనం కేసు

కుదువ పెట్టిన తన గడియారాన్ని అప్పు తీర్చకుండా, తాకట్టుదారు అనుమతి లేకుండా తీసుకుపోయిన వ్యక్తి దొంగ అవుతాడా? వస్తువు అతనిదే. అయినా అది దొంగతనమే అవుతుందని 1860 నాటి భారత శిక్షాస్మృతి 378వ సెక్షన్ ఉదాహరణ పూర్వకంగా చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కూడా ఆ గడియారాన్ని అలాగే నిలుపుకొన్నది.

దొంగతనం విషయంలో చట్టం మొదట చూసేది యాజమాన్యాన్ని కాదు, స్వాధీనాన్ని. వస్తువు ఎవరి చేతిలో ఉన్నది, వారి సమ్మతి లేకుండా దురుద్దేశంతో కదిలించారా అన్నవే ప్రశ్నలు. మరమ్మతు కూలి బాకీ ఉండగా దుకాణం నుంచి సొంత గడియారాన్ని చెప్పకుండా తెచ్చుకున్నా నేరమే. ఏ బాకీ లేనప్పుడు బలవంతంగా లాక్కున్నవాడిపై దౌర్జన్యం కేసు రావచ్చు గాని, దొంగతనం రాదు.

అప్పిచ్చినవారికీ ఇదే కొలత. బాకీ కింద ఎడ్లను తోలుకుపోవడం, ఇంట్లో బిందెలు, చెంబులు పట్టుకుపోవడం తమ హక్కని భావించేవారు పల్లెల్లో తక్కువేమీ కాదు. అప్పు చెల్లించేలా ఒత్తిడి తేవడానికి రుణగ్రస్తుని సొత్తును అతని సమ్మతి లేకుండా తీసుకోవడం దొంగతనమేనని కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచి 1895లోనే తేల్చింది. బాకీ నిజమైనదే అయినా ఆ పని తప్పే.

వాయిదాలపై కొన్న వాహనాల సంగతి వేరు. హైర్ పర్చేజ్ ఒప్పందంలో చివరి వాయిదా చెల్లించే వరకు యజమాని ఫైనాన్స్ సంస్థే. అందుచేత ఒప్పందం ప్రకారం వాహనాన్ని తిరిగి తీసుకుంటే దొంగతనం కాదని సుప్రీంకోర్టు 2001లో స్పష్టం చేసింది. అంతమాత్రాన దారికాచి లాక్కునే స్వేచ్ఛ దొరికినట్లు కాదు. వసూళ్లకు కండబలం ఉన్నవారిని ప్రయోగించరాదని అదే న్యాయస్థానం 2007లో బ్యాంకులను హెచ్చరించింది.

తగాదా పెద్ద సంస్థల మధ్య వచ్చినా సూత్రం మారదు. విమాన ఇంధనం బాకీ పడిన ఎన్.ఇ.పి.సి. సంస్థ తన విమానాలను ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్‌కు హైపొథికేషన్ చేసింది. అంటే హామీగా చూపినా విమానాలు దాని వద్దనే ఉంటాయి. తరువాత వాటి ఇంజన్లు తొలగించారంటూ కార్పొరేషన్ పెట్టిన ఫిర్యాదులలో దొంగతనం కూడా ఒకటి. మద్రాసు హైకోర్టు వాటిని కొట్టివేయగా వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. విమానాలు ఎన్.ఇ.పి.సి. స్వాధీనం నుంచి కదలనే లేదు కనుక దొంగతనం ప్రసక్తి లేదని 2006లో తీర్పు వెలువడింది. అయితే మోసం, ఆస్తికి నష్టం కలిగించడం అనే ఆరోపణలపై విచారణకు మార్గం తెరచి ఉంచింది. సివిల్ వ్యాజ్యం నడుస్తున్నంత మాత్రాన క్రిమినల్ కేసు చెల్లకుండా పోదని కూడా పేర్కొంది.

సివిల్ వివాదాలకు క్రిమినల్ రంగు పులిమే ధోరణి వ్యాపార వర్గాలలో పెరుగుతున్నదని న్యాయమూర్తులు ఆ తీర్పులోనే ఆక్షేపించారు. సివిల్ కోర్టులు ఏళ్లూ పూళ్లూ సాగదీస్తాయన్న నిరాశే దీనికి మూలం. వ్యాజ్యం వేస్తే కోర్టు ఫీజు, వాయిదాలు. అదే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేస్తే ఎదుటివాడు మర్నాడే రాజీకి వస్తాడన్న ఆశ. దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు ఉన్నది. సొత్తు విలువ 5,000 రూపాయలు, ఆపైన ఉంటే బెయిలు హక్కుగా లభించదు. ఇంతటి ఆయుధం బాకీదారుపై ఎక్కుపెట్టినప్పుడు పోలీసులు వసూలు గుమాస్తాలుగా మారే ప్రమాదం ఉంది.

వాణిజ్య వివాదాలలో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చునని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడదగిన నేరాలలో డీఎస్పీ అనుమతితో 14 రోజులలో ప్రాథమిక విచారణ ముగించే వీలును కొత్త నాగరిక సురక్షా సంహిత కల్పించింది.

స్టేషన్ చుట్టూ తిరిగే రుణదాతలు తరచు మరచిపోయేది గడువు సంగతి. బాకీ రాబట్టే దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు. క్రిమినల్ కేసుతో గడచిన కాలాన్ని 1963 నాటి కాలపరిమితి చట్టం ఆ లెక్కలోంచి మినహాయించదు. దొంగతనం ఆరోపణ కోర్టులో వీగిపోయే నాటికి చేతిలోని ప్రామిసరీ నోటుకు కాలదోషం పట్టి ఉండవచ్చు.