కణం లెక్కపెట్టదు

గుర్రంకొండ నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు ఉత్తరం రాశారు. టమోటా మొక్క కణాల్లో సెంట్రియోల్ ఉండదని ఆమె పాఠ్యపుస్తకంలో ఉందట. అది లేకుండానే మదనపల్లె మార్కెట్‌కు అన్ని లారీల కాయలు వస్తుంటే, ఆవుకూ మనిషికీ అదెందుకు? ఉండేదేదో రెండే ఎందుకు, మూడో నాలుగో ఎందుకు కావు? ఇదీ ఆమె ప్రశ్న. మొదటి సగానికి జవాబు త్వరగా చెప్పేస్తాను. రెండో సగం మాత్రం వదలబుద్ధి కావడం లేదు.

సెంట్రియోల్ అంటే మిల్లీమీటరులో రెండువేలో వంతు పొడవుండే గొట్టం. దాని గోడలో తొమ్మిది కట్టలు, కట్టకు మూడేసి సూక్ష్మనాళికలు. రెండు సెంట్రియోళ్ళూ, వాటి చుట్టూ ప్రొటీన్ల ముద్దా కలిస్తే సెంట్రోసోమ్. కణం చీలబోయే ముందు ఇది రెండై చెరో కొసకు చేరుతుంది, నడుమ కండె ఏర్పడి క్రోమోజోములను పంచుతుంది. టమోటా కణం కండెను వేరే దారిలో కట్టుకుంటుంది. జంతువులు కూడా ఆ పని చేయగలవని 2006లో రెనాటా బాస్టో బృందం చూపింది. సెంట్రియోళ్ళు లేని పండ్ల ఈగలు పెరిగి పెద్దవయ్యాయి. అయితే సెంట్రియోల్ లేనిదే కణం మీద వెంట్రుకల్లాంటి శైలికలు మొలవవు. నాడీకణాలకు శైలికలు లేక ఆ ఈగలు కదలికలు కుదరక త్వరగా చచ్చిపోయాయి.

లేకపోతే ఎలాగో నెట్టుకురావచ్చు, ఎక్కువైతేనే ముప్పు. జర్మన్ జీవశాస్త్రవేత్త థియోడోర్ బొవేరి ఈ సంగతి వందేళ్ళ కిందటే పట్టుకున్నాడు. సీ అర్చిన్ అండంలోకి రెండు వీర్యకణాలు దూరితే రెండు సెంట్రోసోములు వస్తాయి, అవి నాలుగవుతాయి, క్రోమోజోములు నాలుగు దిక్కులకూ చెదిరిపోతాయి. క్యాన్సర్ మూలం ఇలాంటి గందరగోళంలోనే ఉండవచ్చని 1914లో రాశాడు. సెంట్రోసోమ్‌ను వీర్యకణం తేవడమన్నది పుంగనూరు ఆవు విషయంలోనూ అంతే. దాని అండంలో సెంట్రియోల్ ఉండదు, ఆబోతు వీర్యకణమే తెస్తుంది. చిట్టెలుకలో అదీ లేదు. పిండం కొంత పెరిగాక తనంతట తానే కొత్తవి చేసుకుంటుంది.

అంటే పాత సెంట్రియోల్ లేకుండానే కొత్తది పుట్టగలదు. దానికి సొంత వారసత్వం ఉండి తీరాలన్న నమ్మకం మాత్రం చాలాకాలం చావలేదు. ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా నుంచే అది వచ్చిందని లిన్ మార్గులిస్ గట్టిగా వాదించారు. 1989లో ఒక బృందం అందులో డీఎన్‌ఏ కనిపించిందనే ప్రకటించింది. మరుసటి ఏడాదికే ఆ మాట కూలింది. ఆ డీఎన్‌ఏ ఉన్నది కేంద్రకంలో.

ఇక రెండే ఎందుకన్న అసలు కథ. అది ఒక తెలుగువాడితో మొదలవుతుంది. 1970లో కొలరాడో విశ్వవిద్యాలయంలో పోటు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్ కలిసి సెండాయ్ వైరస్ సాయంతో వేర్వేరు దశల్లో ఉన్న హీలా అనే క్యాన్సర్ కణాలను ఒకదానితో ఒకటి అతికించారు. డీఎన్‌ఏను నకలు చేసుకుంటున్న కణంతో ఇంకా ఆ పని మొదలెట్టని కణాన్ని కలిపితే, రెండో కేంద్రకం కూడా వేళకు ముందే పని మొదలుపెట్టింది. నకలు ముగించిన కణాన్ని కలిపితే దాని కేంద్రకం కదలలేదు. ఒకే కణద్రవ్యం, ఒకే ఆజ్ఞ. ఒకటి విన్నది, మరొకటి వినలేదు. ఇంత తేటైన ప్రయోగం జీవశాస్త్రంలో అరుదు.

రావు, జాన్సన్ చూసింది కేంద్రకాన్ని. 33 ఏళ్ళ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో కాన్నీ వాంగ్, టిమ్ స్టెర్న్స్ అదే ఎత్తుగడతో సెంట్రోసోమ్‌ను చూశారు. ఇంకా రెట్టింపు కానిది రెట్టింపైంది. అప్పటికే అయినది ససేమిరా అంది. కణద్రవ్యంలో తిరిగే ఎంజైములే సంఖ్యను అదుపు చేస్తున్నాయనుకుంటే ఈ ఫలితం అర్థం కాదు. అడ్డు ఉన్నది బయట కాదు, ఆ జంటలోనే.

2006లో మెంగ్-ఫు సౌ, స్టెర్న్స్ ఆ అడ్డేమిటో చెప్పారు. కొత్త సెంట్రియోల్ తల్లిని అంటుకుని, దానికి అడ్డంగా, లంబకోణంలో పెరుగుతుంది. అది అంటుకుని ఉన్నంతసేపూ తల్లి ఇంకొకదాన్ని మొలిపించదు. పొదుగు దగ్గర దూడ ఉన్నంతకాలం ఆవు ఎదకు రావడం ఆలస్యమైనట్టే. కణవిభజన చివర్లో క్రోమోజోముల జంటలను విడగొట్టే సెపరేజ్ అనే ఎంజైమే ఈ జంటనూ విడదీస్తుంది. విడిపోవడమే తర్వాతి చక్రానికి అనుమతి. 2008లో లొంకారెక్, ఖోద్యకోవ్‌ల బృందం లేజరుతో పిల్ల సెంట్రియోల్‌ను కాల్చేసింది. తల్లి మళ్ళీ ఇంకొకదాన్ని మొలిపించింది! కణం ఎక్కడా లెక్కపెట్టడం లేదు, పక్కన పిల్ల ఉందా లేదా అన్నదే చూస్తోంది.

మరి ఒకేసారి రెండు పిల్లలు మొలవకుండా ఆపేదెవరు? ఈ పనిలో తన పాత్ర 2005లో వెలుగులోకి వచ్చిన పీఎల్‌కే4 అనే ఎంజైము. ఇది మొదట తల్లి చుట్టూ వలయంలా చేరి, క్రమంగా ఒకే ఒక్క చుక్కకు కుదించుకుపోతుంది. దీని అణువులు రెండేసి జతకట్టి, ఒకదానిమీద మరొకటి ఫాస్ఫేట్ ముద్ర వేసుకుంటాయి. ముద్ర పడినది నాశనానికి పోతుంది. ఎక్కువ పోగైతే చావూ ఎక్కువే. స్టిల్ అనే ప్రొటీన్ తోడు దొరికిన ఒక్కచోట మాత్రం నిలుస్తుంది. అక్కడే సాస్-6 ప్రొటీన్ తొమ్మిది ఆకుల చక్రంగా కూర్చుకుని పిల్లకు పునాది వేస్తుంది. పీఎల్‌కే4ను కృత్రిమంగా పెంచితే తల్లి చుట్టూ ఒకేసారి అనేక పిల్లలు మొలుస్తాయి. తన్ను తాను చంపుకోవడమే పనిముట్టుగా చేసుకున్న ఎంజైమును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఉపయోగాలేమిటని అడిగేవారు ఎలాగూ ఉంటారు. పీఎల్‌కే4ను అడ్డుకునే మందులను క్యాన్సర్ రోగులమీద పరీక్షిస్తున్నారు. ఒక్క గుళికతో క్యాన్సర్ మాయమన్న శీర్షికలు ఆ పరిశోధనకే చేటు. సెంట్రోసోమ్ లేనంత మాత్రాన ప్రతి కణితీ చావదు, హీలా కణాలు అది లేకుండానే చీలుతూ పోతాయని 2015లోనే తేలింది.

మన ప్రాంతానికి దగ్గరి విషయం ఇంకొకటి. స్టిల్ జన్యువు రెండు ప్రతులూ చెడితే బిడ్డ మెదడు చిన్నదిగా మిగిలిపోతుందని 2009లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అరుణ్ కుమార్ బృందం భారతీయ కుటుంబాల్లోనే కనిపెట్టింది. మేనరికంలో అమ్మానాన్నలిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో అలాంటి బిడ్డ ఒకరున్నా, సంబంధం ఖాయం చేసుకునే ముందే జన్యు సలహా తీసుకోవాలి. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి బెంగళూరు బస్సులు రోజూ ఉన్నాయి.